తేటపడిన చీకటి

ద్రవస్ఫటికం, అదే టీవీ తెరల్లో వాడే లిక్విడ్ క్రిస్టల్, తేటపడితే మైక్రోస్కోపులో కంటికి చీకటే కనిపిస్తుంది. మసకగా ఉండే ఆ ద్రవం వేడికి నీళ్లలా తేరుకోగానే, ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన, వెలుతురును వడకట్టే రెండు పోలరాయిడ్ల మధ్య వెలుతురు ఆగిపోతుంది. అందుకే మా ఖమ్మం ల్యాబులో ఎవరైనా "నల్లబడ్డది" అంటే పని అయినట్టే, ఆ క్షణాన ఎంత వేడి ఉందో రాసుకుంటాం.

ఆ మధ్యాహ్నం గాజు పలకల మధ్య మా మిశ్రమం ఆఖరి చుక్క ఉంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టాం. బయట ఉరుముతోంది. నేను మైక్రోస్కోపు మీంచి కన్ను తిప్పడం లేదు. పినపాక నుంచి వచ్చి నాతో రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి, బ్యాటరీతో వెలిగే థర్మామీటరు చూస్తూ పక్కనే నిలబడింది. చుక్కలో రంగుల దారాలు వణికాయి. ఒక మూల నలుపు మొదలైంది. అంతలో మొత్తం నల్లబడింది.

"నల్లబడ్డది! ఎంతుంది?" అని అరిచాను.

అంకె చెప్పింది. మేం లెక్కగట్టుకున్నది అదే.

"కానీ అక్కా, కరెంట్ గూడ పోయింది."

"ఏది ముందు?"

"నాకేం తెల్సు? చూసేది నువ్వు గదా!"

నేనింకా కన్ను తీయలేదు. లోపల చీకటి. అది తేటపడిన చీకటో, బల్బు ఆరిన చీకటో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

"రాయాల్నా?" అంది.

"రాయొద్దు" అని కసిరాను. ఆ అంకె నాకు అంతగా కావాలి మరి, నా కన్ను నేనే నమ్మలేనంతగా.