తెరచాపలక్క పడవ

రేవులో అందరూ ఆమెను తెరచాపలక్క అనేవాళ్ళు. కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని నడుము వంగింది గానీ, రేవు గోడ దాటి సముద్రం మీదికి ఒక్కసారీ పోయింది లేదు. ఆమె కుట్టిన తెరచాపలు మాత్రం ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చేవి. చిరిగి, ఉప్పు పట్టి, ఎండకు వెలిసిపోయి మరమ్మతుకు వచ్చినప్పుడు, కుట్టు విప్పే ముందు వాటిని ముఖానికి ఆనించుకునేది. ఎటు తిరిగినా నేల కనబడని చోట ఎలా ఉంటుందని తెచ్చినవాళ్ళనల్లా అడిగేది. "ఏముంటుందక్కా, నీళ్ళే" అనేసి పోయేవాళ్ళు. ఆ జవాబుతో ఆమెకు కడుపు నిండేది కాదు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. స్టీరింగు తన చేతిలో ఉంటే సరే, లేకపోతే లిఫ్టులో కూడా కళ్ళు తిరిగే మనిషి. "మీ ఆయన్ని పడవెక్కిస్తే చేపలకు విందే" అని రేవులో వేళాకోళం.

ఒక వానాకాలం, మోకాళ్ళు అరిగిపోయిన పాత ఖాతాదారు ఒకాయన తన పడవను ఆమెకు ఇచ్చేశాడు. "దీని తెరచాపలన్నీ నువ్వు కుట్టినవే. మిగతాది కూడా నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. ఏళ్ళ తరబడి రేవు యార్డు మూల టార్పాలిన్ కింద పడి ఉన్న పడవ అది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పడితే ఒట్టు.

పడవల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చిన్న సుత్తితో పడవ ఒళ్ళంతా తడుతూ, ఆ చప్పుడు వింటూ చుట్టూ తిరిగాడు. బిడ్డకు జ్వరం చూస్తున్న డాక్టరు వెనక తల్లిలా ఆమె ఊపిరి బిగబట్టి నడిచింది. అన్ని చోట్లా గట్టిగా ఖంగుమనే మోగింది. తర్వాత ఆయన లోపలికి దూరి, అడుగు చెక్కలు తీసి, టార్చి వేశాడు. ఎంతసేపటికో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"రేవులో చక్కర్లు కొట్టడానికైతే ఇబ్బంది లేదమ్మా. నడి సముద్రానికి మాత్రం వద్దు. అడుగున ఇనుప బరువును పట్టుకున్న బోల్టుల్ని తుప్పు తినేసింది. పెద్ద అల కొడితే ఆ బరువు ఊడిపోతుంది, పడవ బోర్లా పడుతుంది. తెరచాప కొయ్యను నిలబెట్టే తీగలు కూడా మార్చాలి."

ఆమె ఇంటికొచ్చి పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. సంగతి విని భర్త లోలోపల హమ్మయ్య అనుకున్నాడు. భార్య ముఖం చూశాక అలా అనుకున్నందుకు తనకే సిగ్గేసింది. వెల్డింగు పని చేసే చెల్లెలికి ఫోన్ కొట్టాడు.

ఆడబిడ్డ వస్తూనే అంది: "ఏడుపు ముఖం పెట్టకు వదినా. తుప్పు లేకపోతే నాకు కూడెక్కడిది?"

క్రేనుతో పడవను లేపి, బరువును కిందికి దించి, పాత బోల్టుల్ని ఒక్కొక్కటే కోసి తీశారు. ఒకటి మధ్యలో పుల్లలా సన్నబడి ఉంది. "ఇదిగో, నీ పెళ్ళినాటి నడుము" అంది ఆడబిడ్డ. వదిన తన చేతిలో ఉన్న గుడ్డను ఆమె మీదికి విసిరింది. భర్త డ్యూటీ దిగి క్యారేజీ తెచ్చేవాడు. పడవ నేల మీద ఉన్నన్నాళ్ళూ దర్జాగా ఎక్కి కూర్చుని, కప్పీలకు గ్రీజు పూసేవాడు. నీళ్ళలోకి దించాక కూడా ఒకసారి ఎక్కాడు. గట్టుకు కట్టి ఉన్న పడవే, అయినా ముఖం పాలిపోయింది. దిగి, నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి, బోల్టులు చూసి, తీగలు లాగి చూసి, "ఇప్పుడు వెళ్ళొచ్చమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె భర్త పక్కన కూర్చుంది. "మీరు లేకుండా ఎలాగండీ?"

"నేను వద్దంటే ఆగుతావా?"

"ఆగుతాను."

"అందుకే అనను" అన్నాడాయన.

పడవ ఇచ్చినాయన దగ్గర రేవులోనే నడపడం నేర్చుకుని, వదినా ఆడబిడ్డా ఒక దీవికి బయల్దేరారు. ఒక తెల్లవారుజామున ఆమె చుక్కాని పట్టుకుని తల తిప్పితే, ఎక్కడా నేల లేదు. గుండ్రంగా, ఒకే నీలం. "ఏవండీ, అటు చూడండి" అనబోయి, పక్కన ఆయన లేడని గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఏం వదినా, ఆశ తీరిందా?" ఆడబిడ్డ అడిగింది.

"ఎక్కడే! ఇంకా పెరిగింది."

దీవి చేరాక అక్కడి నుంచి భర్తకు ఫోన్ చేసింది.

"తిన్నావా?" అన్నాడాయన.

"తిన్నాం. మీరో?"

"ఆ, ఏదో. ఎప్పుడొస్తున్నావు?"

ఆమె తటపటాయించింది. "ఇక్కడికి అవతల ఇంకో దీవి ఉందటండీ. గాలి కూడా అటే వీస్తోందట."

అవతల బస్సుల హారన్లు వినిపించాయి.

"వెళ్ళిరా మరి. ఇల్లెక్కడికి పోతుంది" అన్నాడు. ఇంకేదో అనబోయి, పెట్టేశాడు. ఆమె మాత్రం ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడింది.