రిజిస్టరులో మూడో గడి

నా చిన్నప్పుడు నేను మురిసిపోయింది ఒక్కదాన్ని చూసే, నా దస్తూరిని. ఆ దస్తూరే మా నాయినను పట్టించబోయింది.

గూడూరు దగ్గర మా ఊళ్లో ఒక్క గది గ్రంథాలయం ఉండేది. లోపలికొచ్చిన ప్రతి మనిషీ రిజిస్టరులో రాయాలి. పేరు, ఊరు, చదివిన పుస్తకం అని మూడు గడులు. అందరూ పేపరు కోసమే వచ్చేవాళ్లు కనుక మూడో గడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది.

మా నాయినకు చదువు రాదు. గుట్ట కింద మాకున్న మెట్టభూమి, మా చెలక మీద ఒక క్వారీ కాంట్రాక్టరు కన్ను పడింది. అంతకు ముందు నెలలోనే, కాగితాలు చూపించమని అతన్ని అడిగిన ఒక రైతు కాలు విరిగి దవాఖాన పాలయ్యాడు. అందుకని నాయిన ఎవరికీ చెప్పకుండా నన్ను వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లి, భూముల చట్టం పుస్తకం నాతో చదివించుకున్నాడు. ఆ పుస్తకంలోని మాటలతోనే, పేరు పెట్టకుండా ఒక అర్జీ కూడా రాయించి సర్కారు ఆఫీసుకు పంపాడు. చదివిన మూడు రోజులూ రిజిస్టరులో నాయిన పేరు రాసింది నేనే. మూడో గడిలో పుస్తకం పేరు కూడా గుండ్రటి అక్షరాలతో నింపాను. గడి ఖాళీగా వదిలితే బడిలో తిడతారు మరి.

వారం తిరక్కుండా కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు గ్రంథాలయానికి వచ్చారు. నేను బెంచీ మీద బొమ్మల పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

"గా చట్టం బుక్కు ఎవడు జదివిండో సూడాలె. రిజిస్టర్ తియ్యి."

"బీరువ తాళంచెవి ఇంట్ల మర్శిన. రేపు రాండ్రి," అన్నాడు లైబ్రరీ సారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

వాళ్లు పోయాక సారు రిజిస్టరు తెరిచి నా రాతను చూశాడు. రిజిస్టరు సంకలో పెట్టుకుని సైకిలెక్కి, ఆ నెలలో పేరు రాసిన వాళ్ల ఇళ్లకు వెళ్లాడు. మంగలి, దర్జీ, హోటలాయన, పోస్టుమాను, ఎవరి పేరు పక్కన ఖాళీ గడి వాళ్లతోనే చట్టం పుస్తకం పేరు రాయించాడు. దర్జీ మొదట భయపడి తలుపేసుకున్నాడట. పొద్దుగూకే ముందు తనే వెతుక్కుంటూ వచ్చి రాశాడు.

మర్నాడు ఆ ఇద్దరూ మళ్లీ వచ్చి పేజీలు తిప్పారు. ఏ గడి చూసినా అదే పుస్తకం. "ఊరంత గిదే జదివిన్రా?" అని ఒకడు అరిచాడు. సారు అవునన్నాడు. వాళ్లు రిజిస్టరును బల్ల మీద విసిరేసి వెళ్లిపోయారు.

నేను ఏడుస్తుంటే సారు దగ్గరికి పిలిచాడు. "నీ తప్పు కాదు బిడ్డా. గా గడి పెట్టుడే తప్పు. ఎవలేం జదివితె మనకెందుకు?" అన్నాడు.

తమాషా ఏమిటంటే, అబద్ధం రాసిన వాళ్లంతా ఆ పుస్తకంలో ఏముందో తెలుసుకుందామని తరవాత ఒక్కొక్కరే వచ్చారు. నేనే చదివి వినిపించాను. ఊరంతా కలిసి ఈసారి పేర్లతోనే అర్జీ పెట్టింది, చెలక మాకు దక్కింది. సారును మాత్రం మూడు నెలలకే ఎక్కడికో బదిలీ చేశారు. ఆయనను నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఒక గ్రంథాలయం చూసుకుంటున్నాను, వచ్చే ఏడు రిటైరవుతాను. మాకు కంప్యూటర్లు వచ్చాయి. చదివేవాళ్లు ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. ఎవరు ఏం వెతికారో, ఎంతసేపు చూశారో మిషనే రాసుకుని నెల రోజులు దాచుకుంటుంది. ఎవరూ ఏ గడీ నింపక్కర్లేదు, ఖాళీగా వదిలే వీలూ లేదు. సైకిలేసుకుని ఏ ఇంటికి వెళ్లను?

పోయిన నెల ఒకాయన వచ్చి, భూముల కాగితాల గురించి ఇక్కడ ఎవరెవరు వెతుకుతున్నారో పేర్లు కావాలన్నాడు. ఆర్డరు కాగితం చూపించమన్నాను. "తెస్తం లే మేడం, గంత పరేషాన్ ఎందుకు?" అని నవ్వి వెళ్లాడు. చట్టం ఆ కాగితం ఇస్తుందో ఇవ్వదో నాకు తెలియదు. భయంగానే ఉంది.

అందుకే పొద్దున్నే తలుపులు తీసి, కంప్యూటర్లన్నీ నా నంబరుతోనే తెరిచి పెడుతున్నాను. వచ్చిన వాళ్లను ఏం వెతకాలని అడగను. ఆ కాగితం వచ్చిన రోజు వాళ్లకు దొరికేది ఒక్క నా పేరే.