మా డబ్బుకు కట్టిన చీటీ

ఆ ఏడాది మిర్చి ఏరడానికి పోవద్దని తొమ్మిది మంది ఆడవాళ్లను ఆపింది నేనే. పినపాక దగ్గర ఒక అడవి పల్లె వాళ్లది, వెదురు బుట్టలు అల్లుతారు. భద్రాచలంలో ఆ బుట్టలు చూసిన ఒక విదేశీ దుకాణదారు రెండు వందల బుట్టలు కావాలన్నది, సగం డబ్బు ముందే పంపుతానన్నది. నేనప్పుడు మణుగూరు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరులో పనిచేసేదాన్ని. ఆమె ఈమెయిళ్లన్నీ నాకే వచ్చేవి. వారంలో డబ్బు వస్తుందని గొప్పగా చెప్పేశాను.

ఆమె పంపిన ఫారంలో బ్యాంకు కోడ్ అని ఒక గడి ఉంది. చెక్కు కాగితం అడుగున ఉన్న అంకెలు ఎక్కించేశాను. తెలియదని ఒప్పుకునే అలవాటు నాకు అప్పటికి లేదు. మూడు వారాలకు ఈమెయిల్ వచ్చింది. డబ్బు వెనక్కి వచ్చేసిందట, దేశాల మధ్య పంపడానికి స్విఫ్ట్ కోడ్ కావాలట.

ఈలోగా మిర్చి ఏరే రోజులు వచ్చాయి. బోనకల్ వైపు చేలకు కూలీలను తీసుకుపోయే వ్యాను ప్రతి సోమవారం పదకొండింటికి క్రాస్ రోడ్డుకు వస్తుంది. ఎక్కితే నెల దాకా తిరిగిరారు. బుట్టలల్లే ఆ ఆడవాళ్ల సంఘానికి పెద్ద అయిన పెద్దమ్మ నన్ను తిట్టలేదు.

"ఇంకో రెండు సోమవారాలు చూస్తం బిడ్డా. అప్పటికీ రాకుంటే వ్యాను ఎక్కుతం. ఇంట్ల పొయ్యి ఎలగాలె గద."

తిట్టినా బాగుండేది.

బ్యాంకుకు పరుగెత్తాను. "మన బ్రాంచికి ఆ కోడ్ లేదమ్మా, హైదరాబాద్ పెద్ద బ్రాంచిది రాస్కో" అన్నాడు మేనేజరు. మొత్తం పదకొండు అక్షరాలు. సెంటరుకొచ్చి కంప్యూటరులో వెతికితే గుట్టంతా బయటపడింది. మొదటి నాలుగూ బ్యాంకు, తర్వాతి రెండూ దేశం, ఆ తర్వాతి రెండూ ఊరు, చివరి మూడూ బ్రాంచి. ఒక్క ముక్కలో చిరునామా అంతా ఉంది! ఆ మధ్యలో మన దేశం గుర్తు కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కన చాటింగు చేస్తున్నాయన నాకేదో అయిందనుకున్నాడు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆ పదకొండు అక్షరాల్లో మణుగూరు ఎక్కడా లేదు. హైదరాబాద్‌లో దిగిన డబ్బుకు మా అడవి దారి ఎవరు చూపిస్తారు?

సంతకు వచ్చిన పెద్దమ్మతో ఆ మాటే చెప్పాను. ఆమె నవ్వింది.

"మా ఊరికి బస్సొస్తదా? మొన్న మందుల డబ్బా ఎట్ల పంపినవ్?"

"బస్సు డ్రైవరుకిచ్చి క్రాస్ రోడ్డు హోటల్ల దింపమన్న."

"ఉత్తగనే ఇచ్చినవా? ఫలానా ఊరు, ఫలానా ఆమె అని మీద చీటీ కట్టినవ్. హోటలాయన అది చూసే మా ఊరికి పంపిండు. మరి గీ పైసలకు చీటీ ఏది?"

మళ్లీ ఫారం తీశాను. అడుగున నేను పట్టించుకోని వరస ఒకటి ఉంది. డబ్బు ఆ బ్యాంకు నుంచి ఏ ఖాతాకు చేరాలో రాయమంటోంది. మా బ్రాంచి పేరు, ఖాతా నంబరు, సంఘం పేరు నింపి మేనేజరుకు చూపించాను.

"అవ్, గిది లేకుంటే పైసలు హైదరాబాద్‌లనే ఆగుతుండె. ఎవరు చెప్పిండ్రు నీకు?"

"బుట్టలల్లే పెద్దమ్మ చెప్పింది సార్" అన్నాను. చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ అనిపించలేదు.

ఆ ఫారాన్ని ఆ రోజే దుకాణదారుకు ఈమెయిల్ చేశాను. ఒక సోమవారం ఉత్తగా పోయింది. రెండో సోమవారం బ్యాంకు తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. మిషన్‌లో పెట్టిన పాస్‌బుక్కు కిర్రుమంటూ బయటికొచ్చింది. డబ్బు జమ అయినట్టు కొత్త వరస పడింది! దాన్ని పట్టుకుని దొరికిన ఆటో ఎక్కి, జల్దీ పోనీయమని దారంతా డ్రైవరు ప్రాణం తీశాను.

క్రాస్ రోడ్డుకు వచ్చేసరికి వ్యాను ఇంజను ఆన్‌లో ఉంది. తొమ్మిది మందీ సద్ది మూటలతో లోపల కూర్చున్నారు. నేను వెళ్లి ముందు చక్రానికి అడ్డంగా నిలబడ్డాను.

పెద్దమ్మ తల బయటపెట్టింది. "చీటీ చదివిండ్రా బిడ్డా?"

"చదివిండ్రు పెద్దమ్మా."

ఆమె లోపలికి తిరిగి, "దిగుండ్రి" అన్నది.

వ్యాను తొమ్మిది ఖాళీ సీట్లతో పోయింది. దారికని కట్టుకున్న సద్ది విప్పి, హోటల్ ముందు బల్లల మీద అందరం కలిసి తిన్నాం.