పెదనాన్న చెప్పని చేప

మా పెదనాన్న పోయారని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను గుణదలలో, ఒకప్పుడు నేను చదువుకున్న కాన్వెంటు బడి లైబ్రరీలో ఉన్నాను. ఇప్పుడు నా ఉద్యోగం అక్కడే. పిల్లలు చదువుకుంటున్నారని వరండాలోకి వచ్చి విన్నాను. కొట్లో పరుపు మీద కూర్చుని చీరల మూట విప్పిస్తూ పక్కకి ఒరిగిపోయారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందట. నేను వన్ టౌన్‌కి వెళ్లేసరికి ఆ సందులో కొట్లన్నీ షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. తోటి వ్యాపారి పోతే అక్కడివాళ్లు చేసేది అదే. షట్టర్ల కింద మనుషుల కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

పెదనాన్నది టోకు బట్టల వ్యాపారం. ఊళ్లలో పెళ్లిళ్లకి చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు ఎక్కువగా ఆయన దగ్గరే తీసుకునేవాళ్లు. ముహూర్తాలున్నన్నాళ్లూ ఆయన కొట్టు వదిలి కదిలేవారు కాదు. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి, బేరం పడిపోతుంది. అప్పుడే ఆయనకి సెలవు. అందరూ మూఢం ఎప్పుడు పోతుందా అని పంచాంగం చూస్తే, మా ఇంట్లో ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లం.

సెలవంటే సముద్రమే. కోడూరు దాటి ఇంకా కిందికి వెళితే పెద్దమ్మ పుట్టిల్లు వస్తుంది. అక్కడ మూడు రోజులుండి చేపలు పట్టాలని ఆయన కోరిక. వాళ్లకి పిల్లల్లేరు, అందుకని నన్ను వెంట తీసుకెళ్లేవారు. బడి ఉన్న రోజులైతే సెలవు చీటీలో జ్వరమని రాయనిచ్చేవారు కాదు. సముద్రానికి చేపలు పట్టడానికి వెళ్తున్నామని నా చేతే రాయించి సంతకం పెట్టేవారు. తిరిగొచ్చాక సిస్టర్ క్లాసులో అందరి ముందూ ఎన్ని పట్టారని అడిగేవారు. ఒక్కటీ లేదు సిస్టర్ అని చెప్పేదాన్ని. వినపళ్లేదు, మళ్లీ చెప్పు అనేవారు. నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు.

ఒక్కటీ లేదన్నది నిజం. ముక్కలు ఒకదానిలోకి ఒకటి దూరిపోయే గాలం కర్ర, దారం చుట్టే చక్రం, డబ్బా నిండా ఎరకి రొయ్యలు, అన్నీ ఉండేవి. చేపే ఉండేది కాదు. పక్కన గోచీ పెట్టుకున్న కుర్రాళ్లు ఉత్త దారానికి ముల్లు కట్టి బుట్టలు నింపుకుని పోయేవాళ్లు. ఈయన సాయంత్రానికి ఎండకి కమిలిన మొహంతో తిరిగొచ్చేవారు. అత్తగారి ఊళ్లో అల్లుడు రోజూ ఖాళీ బుట్టతో వీధిలో నడిచి రావడం చిన్న విషయం కాదు. పెద్దమ్మ అన్నగారిని నేను మావయ్య అంటాను. ఆయన అరుగు మీదే కాచుకుని కూర్చునేవాడు.

"ఏం బావగారూ, మా ఊరి చేపలన్నీ చీరలు చూడ్డానికి బెజవాడ మీ కొట్టుకెళ్లినట్టున్నాయే," అనేవాడు.

రేవులో చేప కొనుక్కొచ్చేస్తే గొడవ లేదు కదా అని పెద్దమ్మ అనేది. పెదనాన్న ఒప్పుకునేవారు కాదు. "కొనుక్కొచ్చి పట్టానని చెప్పేవాడు రేపు బట్ట కూడా తక్కువే కొలుస్తాడు," అనేవారు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక పొరపాటు చేశాను. పెదనాన్న కర్ర తీసుకుని గడప దిగుతుంటే, పుస్తకంలోంచి తలెత్తి, "ఎక్కడికి పెదనాన్నా?" అని అడిగాను. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదని నాకు తెలుసు. నోటి నుంచి వచ్చేసింది. పెద్దమ్మ వాళ్లమ్మ గబగబా వచ్చి ఆయన్ని వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మళ్లీ పంపింది. ఆ రోజూ చేప పడలేదు. అంతకు ముందు మాత్రం పడిందా? అయినా ఆ రోజు నుంచి కారణం దొరికింది. ఖాళీ బుట్ట కనబడగానే, "పిల్ల అడిగిందా?" అని ఎవరో ఒకరు అనేవాళ్లు, అందరూ నవ్వేవాళ్లు. వాళ్లకది సరదా. నేను మాత్రం ఆయన బయల్దేరే వేళకి పెరట్లోకి వెళ్లి నిలబడేదాన్ని. వెనక నుంచి పిలవకూడదు, ఎక్కడికని అడక్కూడదు, ఎదురు రాకూడదు. ఏదీ చెయ్యకుండా ఉండాలంటే కనపడకుండా ఉండటమే మంచిదనిపించేది.

పదమూడో ఏట వెళ్లినప్పటి సంగతి ఇప్పుడు చెప్తాను. పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఊరికి దూరంగా, సముద్రంలో కలిసే ఒక పాయ దగ్గరికి వెళ్లాం. పాయకి అవతల పొడుగాటి ఇసుక దిబ్బ ఉంది. దిబ్బకి ముందంతా సముద్రం. ఆటుకి నీళ్లు తీసి ఉన్నాయి, పాయలో మోకాలి లోతు కూడా లేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన, పెదనాన్న పంచె ఎగగట్టుకోవడం చూసి ఒక మాట చెప్పాడు.

"పోటు రాకముందే ఇవతలికి వచ్చెయ్యండి సావుకారు గారూ. పోటు ముందు నించి రాదు. వెనకమాల నించి వస్తది."

సరేనని పెదనాన్న దాటి వెళ్లారు. కాసేపటికి ముసలాయన వల భుజాన వేసుకుని ఊళ్లోకి పోయాడు. ఒడ్డున నేనూ నా పుస్తకం మిగిలాం. పెదనాన్న దిబ్బ అవతలి అంచున, నాకు వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. ఆయనకి ఈత రాదు.

ఎన్ని పేజీలు చదివానో తెలియదు. తల ఎత్తేసరికి పాయలో నీళ్లు చప్పుడు లేకుండా నిండుతున్నాయి. ఒడ్డు పొడుగునా ఉన్న పీతల బొరియలు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. నా కాళ్లకి బారెడు దూరంలో ఉన్న తడి గీత నా వేళ్ల దగ్గరికి వచ్చింది. ఆయన వెనక, దిబ్బ ఇవతలి అంచున పెట్టిన ఎర డబ్బా కొంచెం కదిలింది, మళ్లీ కదిలింది, తేలింది. ఆయన చూళ్లేదు.

లేచి నిలబడ్డాను. పిలుద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు కర్ర వంగింది.

అన్నేళ్లలో ఆ కర్ర అలా వంగడం నేను చూళ్లేదు. పెదనాన్న రెండు కాళ్లూ ఇసుకలో తన్నిపెట్టి, వెనక్కి వాలి, చక్రం తిప్పుతున్నారు. ఆగుతున్నారు, మళ్లీ తిప్పుతున్నారు. అలల మీద ఏదో తెల్లగా ఒక్కసారి తిరగబడి లోపలికి పోయింది. పండుగప్ప చేప. ఆయన దాన్ని కొంచెం కొంచెంగా దగ్గరికి లాగుతున్నారు.

ఇప్పుడు వెనక నుంచి పిలిస్తే చేప పోతుంది. పోతే అది నా వల్లే. ఆ మాట నేను జీవితమంతా మొయ్యాలి. ఇంకొక్క నిమిషంలో చేప పడిపోతుంది, పడ్డాక పిలుస్తాను అనుకున్నాను. పాయ వైపు చూశాను. ఒక్క నిమిషమే అనుకున్నాను. రెండోసారీ అదే అనుకున్నాను. డబ్బా పాయలోకి వచ్చేసి, నా ముందు నుంచే లోపలికి కొట్టుకుపోయింది. చదువుకున్న పిల్లని, అయినా అలా నిలబడ్డాను. ఆ కాసేపటిని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చివరికి పిలిచాను. వినపళ్లేదు. గాలి సముద్రం మీద నుంచి నా వైపే వీస్తోంది, నా గొంతుని నా వెనక్కే తీసుకుపోతోంది. నీళ్లలోకి దిగి మళ్లీ పిలిచాను. తొడల దాకా వచ్చాయి. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన కేక నాదని నాకే తెలియలేదు.

పెదనాన్న తిరిగి చూశారు. నన్ను చూశారు, పాయని చూశారు, మళ్లీ వంగిన కర్రని చూశారు. తర్వాత చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చారు. కొట్లో బట్ట ముక్క కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. దాంతో దారం కత్తిరించేశారు. కర్ర టక్కున నిటారుగా లేచింది. ఆయన సముద్రం వైపు మళ్లీ చూడలేదు.

పాయలోకి దిగాక నీళ్లు ఆయన నడుం దాటాయి, రొమ్ము దాకా వచ్చాయి. మధ్యలో కాలు జారి ఒకసారి గడ్డం దాకా మునిగారు. రావద్దని నాకు చేత్తో సైగ చేస్తూనే ఉన్నారు. తర్వాత కర్రని పొడుగ్గా లాగి నా వైపు చాపారు. దాని కొసని నేను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి నడిచాను. ఆ సన్నటి కొస విరుగుతుందేమోనని లాగడానికి భయం, లాగకపోతే ఆయన ఆగిపోతారని భయం. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కాళ్ల కింద గట్టి నేల తగిలాక కూడా నేను కర్ర వదల్లేదు. ఆయనే నా వేళ్లు విడదీశారు.

ఇద్దరం తడిబట్టలతో ఒడ్డున కూలబడ్డాం. దిబ్బ అప్పటికి సన్నటి గీతలా మిగిలింది.

"నువ్వు ముందే చూశావు కదమ్మాయ్. ఎందుకాగావు?" అని అడిగారు.

"వెనక నుంచి పిలిస్తే..." అన్నాను.

తిడతారనుకున్నాను. పంచె చెంగు పిండుకుంటూ, "మేమెంత పని చేశామే నీకు," అన్నారు. కాసేపాగి, "మనిషి మునిగిపోతుంటే వెనకేంటి, ముందేంటి. ఇంకెప్పుడూ ఎవరి కోసమూ అలా ఆగకు," అన్నారు.

ఇంటికి నడుస్తూ ఇంకో మాట చెప్పారు. ఇంట్లో చేప సంగతి ఎత్తొద్దన్నారు. తగిలిందని తెలిస్తే ఎందుకు పోయిందని అడుగుతారు. అడిగితే తప్పు నా మీదికి వస్తుంది. అబద్ధం కదా అన్నాను. సెలవు చీటీలో కూడా అబద్ధం రాయనివ్వని మనిషి కాస్త తటపటాయించారు.

"చేతికి రాలేదుగా. చేతికి రానిదాన్ని పడలేదనే అంటారు," అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, పాయలో కాలు జారిందని చెప్పారు. మావయ్యకి అంతకన్నా ఏం కావాలి. "చేపలు బావగారినే పట్టబోయాయన్నమాట," అన్నాడు. పెద్దమ్మ వాళ్లమ్మ వడ్డిస్తూ, మామూలుగానే, "పిల్ల అడిగిందా?" అంది. నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. పెదనాన్న కంచం ముందు నుంచి తలెత్తారు. అత్తగారి ముందు ఆయన గొంతు పెంచడం ఎవరూ ఎరగరు. అప్పుడూ పెంచలేదు.

"పిల్లని ఇక ఆ మాట అనొద్దండీ. అంటే నేను ఈ ఇంటికి రాను."

పెద్దమ్మ ఆయన వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, మజ్జిగ పోసింది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు.

గాలం వేసే ప్రతివాడి దగ్గరా చేతిదాకా వచ్చి తప్పిపోయిన చేప కథ ఒకటి ఉంటుంది. లేనివాళ్లు కల్పించుకుంటారు. మా పెదనాన్న దగ్గర నిజంగానే ఒకటి ఉంది, చెప్పుకుంటే మావయ్య నోరు ఒక్కరోజులో మూతపడేది. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఎన్ని మూఢాలొచ్చినా వెళ్లాం. ఎగతాళి అలాగే సాగింది, ఆయన నవ్వి ఊరుకునేవారు. బయల్దేరేటప్పుడు మాత్రం కర్ర భుజాన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి నా కోసం చూసేవారు. నేను, "ఎక్కడికి పెదనాన్నా?" అని అడగాలి. అడిగేదాకా కదిలేవారు కాదు. "చేపలకి," అని చెప్పి వెళ్లేవారు. సాయంత్రం ఖాళీగా వచ్చేవారు.

మొన్న పదకొండో రోజున పటమటలో వాళ్లింట్లో అందరం కూడాం. భోజనాలయ్యాక హాల్లో పాతిక మంది దాకా ఉన్నారు. నేను కాఫీ గ్లాసుల పళ్లెంతో గుమ్మం దగ్గర ఉన్నాను. మావయ్యకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయన కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

"పాపం బావగారు. ఇన్నేళ్లలో ఆయన గాలానికి ఒక్క చేప తగిలిన పాపాన పోలేదు," అన్నాడు.

అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వబోయి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరుకుంటే ఆ మాటే ఆయన మీద చివరి మాటగా ఉండిపోతుందని నాకు తెలుస్తోంది. ఎత్తొద్దన్నారు ఆయన. ఎత్తొద్దన్నది నా కోసం. పళ్లెంలో గ్లాసులు చప్పుడవుతున్నాయని దాన్ని కింద పెట్టాను.

"తగిలింది," అన్నాను.

వెనక వరస వాళ్లు కూడా తిరిగి చూశారు. చెప్పాను. నేను ఆగిన ఆ కాసేపటితో సహా చెప్పాను. దారం ఆయనే కత్తిరించారని చెప్పాను. మావయ్య కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ నన్ను దగ్గరికి రమ్మంది.

"నువ్వు చూశావా దాన్ని?"

"చూశాను పెద్దమ్మా."

"ఎంతుంటుంది?"

ఆమె ముందు కూర్చుని రెండు చేతులూ చాపి చూపించాను. పెద్దమ్మ నా చేతుల మధ్య ఖాళీని చాలాసేపు చూసింది. తర్వాత నా కుడి చేతిని పట్టుకుని కొంచెం లోపలికి జరిపింది.

"అంతుండదులే. ఆయన పట్టింది ఇంతే ఉండి ఉంటుంది," అంది.

నా చేతిని ఆమె వదల్లేదు. నేనూ రెండో చేతిని దించలేదు. గదిలో అందరూ ఆ మధ్యలోకే చూస్తున్నారు.