మందారం నీళ్లు, బ్రాందీ సీసా

పందొమ్మిదివందల యాభైలలో, మద్యనిషేధం ఉన్నప్పుడే, నంద్యాలలో పూలతో వోడ్కా కలిపిన మొనగాణ్ణి నేను! సరే, వోడ్కా అన్నది కాస్త ఎక్కువైంది. మందార రేకులను వేణ్ణీళ్లలో నానబెట్టి, చక్కెర, నిమ్మరసం కలిపి, మిలిటరీ స్నేహితుడు వదిలివెళ్లిన ఖాళీ బ్రాందీ సీసాలో పోసి, నీళ్లకుండలో చల్లబెట్టాను. అప్పుడు నేను కొత్త పెళ్లికొడుకుని. ఆళ్లగడ్డ నుంచి అత్తామామలు నా ఇల్లు చూడవచ్చారు. నచ్చితేనే కూతుర్ని కాపురానికి పంపుతారు.

గ్లాసుల్లో మందారం నీళ్లు వంచి గోలీసోడా కలపగానే నురగ పొంగింది. మామ సీసా చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది? తాగుబోతుకా నా బిడ్డనిచ్చింది? పాయే, పద మే!" అని అత్తను లేవమన్నాడు.

అత్త నా చేతిలోని గ్లాసు లాక్కుని మా ఎదుటే గటగటా తాగేసింది.

"యాడికి పోయేది? ఉత్త మందారం నీళ్లు. నిమ్మకాయే ఎక్కువ పిండినాడు."

ఆ వారమే నా భార్య కాపురానికి వచ్చింది. అత్త తాగిన ఆ గ్లాసుకు నేటికీ రుణపడి ఉన్నాను. సీసాను నేనెంత శుభ్రంగా కడిగానో ఆమె నాలుకే సాక్ష్యం.

ఇదంతా చదివి వినిపిస్తే నా భార్య అంది:

"యాడ కడిగినావ్? బ్రాందీ వాసన గుప్పుమనిందంట. మాయమ్మ నీ కోసరం అబద్ధం చెప్పింది."