అత్త చేతి మీద మచ్చలు

మా మేనత్త అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని పీల్చడాన్ని మావైపు అలా అంటారు. నోట్లో నిప్పుతోనే వంగి కలుపు తీసేది. ఎవరినైనా తిట్టాలనుకున్నప్పుడే చుట్ట బయటికి తీసేది. చీర కొంగు మీదా, మోచేతుల దగ్గరా ఎప్పుడూ ఏదో ఒక కాలిన మచ్చ ఉండేది. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే కాబట్టి మా ఇంట్లో వాటిని ఎవరూ పట్టించుకునేవాళ్లం కాదు.

ఆమెకు పిల్లలు లేరు. మావయ్య పోయాక చీపురుపల్లిలో మా ఇంటికి వచ్చేసింది. నిరుడు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ తర్వాత అన్నీ మంచం మీదే. నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం. కొన్నాళ్లు అవస్థపడి, చివరికి విజయనగరంలో పెద్దవాళ్లను చూసుకునే ఒక ప్రైవేటు హోమ్‌లో చేర్చాను.

చేర్చిన రోజు అక్కడి ఆయాతో, అత్త ఎదుటే అన్నాను: "చుట్ట మాత్రం ఇవ్వకండి, డాక్టరు వద్దన్నాడు. మొండిమనిషి, మాట వినదు. కాస్త గట్టిగా ఉండండి."

అత్త నవ్వింది. "ఒరే, నా సుట్ట మాన్పించడం మీ అయ్య వల్లే కాలేదురా. నీవల్ల ఏటవుతాది?"

ఆ హోమ్ నాకు నచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే అగరొత్తుల వాసన. నేల తళతళలాడేది. "వచ్చేముందు ఒక్క ఫోన్ చెయ్యండి సార్" అన్నారు. పద్ధతైన చోటు అనుకున్నాను. ఆదివారాలు ఫోన్ చేసే వెళ్లేవాడిని. వెళ్లేసరికి అత్తకు తల దువ్వి, ఉతికిన నైటీ తొడిగి, దిండుకు ఆనించి కూర్చోబెట్టేవాళ్లు. ఆ నైటీ మేం ఇచ్చింది కాదని నా భార్య ఒకసారి అంది. ఉతికేటప్పుడు కలిసిపోయి ఉంటుందిలే అన్నాను.

ఆయా మంచం పక్కనే నిలబడేది. నేను ఏం అడిగినా అత్త ముందు ఆయా ముఖం చూసి, తర్వాతే "బాగున్నానురా" అనేది. నా చేతిలో నీళ్ల సీసా కనబడితే లాక్కున్నట్టు తీసుకొని ఆపకుండా తాగేది. ఎండాకాలం కదా అనుకున్నాను. తిట్లు తగ్గాయి. చివరికి నన్ను ఒరే అనడం కూడా మానేసింది. వయసు మీదపడి మెత్తబడిందని ఇంటికొచ్చి నా భార్యతో చెప్పాను. చెప్పడానికి నాకు సంతోషంగా కూడా ఉంది.

ఒక ఆదివారం మోచేతి లోపలివైపు గుండ్రటి మచ్చలు కనబడ్డాయి. ఆయా నాకంటే ముందే అందుకుంది. "సుట్ట నిప్పు సార్. మీ అత్త సంగతి మీకు తెలీందేటి?"

తెలుసు. నవ్వాను కూడా.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గరివిడిలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లి, అక్కడి నుంచి ఎవరిదో కారు విజయనగరం వెళుతుంటే ఎక్కాను. ఫోన్ చెయ్యాలన్న ఆలోచన రాలేదు. హోమ్‌లో అడుగుపెడితే అగరొత్తుల వాసన లేదు. వేరే వాసన. ఆయా భోజనానికి వెళ్లింది. అత్త తడిసిన పక్క మీదే పడుకొని ఉంది. పెదాలు ఎండి పగిలాయి. చేతి మీద కొత్త మచ్చ, ఇంకా చెమ్మ ఆరనిది.

"ఈ చుట్ట ఇంక తగ్గించవా అత్తా?" అన్నాను.

ఆమె నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"సుట్టేటిరా? నువ్వే కదా ఇవ్వద్దన్నావు. ఇక్కడికొచ్చిన కాడ్నించి సుట్ట మొకమే సూళ్లేదు."

చుట్ట ఆపించింది నేను. చుట్ట కాల్చిందంటే నమ్మిందీ నేనే.

"మరి ఇవేంటి?"

అత్త గుమ్మం వైపు చూసింది. గొంతు తగ్గించింది. "అగరొత్తి. పక్క తడిపినప్పుడు వాత పెడతాది. తడపకుండా ఉండాలని నీళ్లు కూడా ఇవ్వదు."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"నీకేటి సెప్పేది? గట్టిగా ఉండమని నువ్వే సెప్పినావు గదా. నా ముందరే సెప్పినావు."

ఇన్నాళ్లూ ఆమె అది నా మాట ప్రకారమే జరుగుతోందనుకుంది. ఆదివారం నేను వచ్చి మచ్చలు చూసి నవ్వడం కూడా చూసింది.

మేనేజరు పరుగున వచ్చాడు. "పెద్దావిడకి మతి నిలకడగా లేదు సార్, ఏదో అంటారు" అన్నాడు. నేను అతనితో వాదించలేదు. ఆటో పిలిచి, అత్తను దుప్పటితో సహా ఎత్తుకున్నాను. ఎత్తడానికి సిద్ధమైనంత బరువు లేదామె, చేతులు ఒక్కసారిగా పైకి లేచిపోయాయి. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు ఆమెను పక్కకు తిప్పినప్పుడు నడుం కింద పుండు కనబడింది. నేను ఫోన్ చేస్తే వచ్చిన నా భార్య అది చూసి బయటికి వెళ్లిపోయింది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. ఆయాను పనిలోంచి తీసేశామని హోమ్ వాళ్లు కబురు చేశారు. కేసు నడుస్తోంది. అక్కడ ఎవరేం చెప్పినా, గట్టిగా ఉండమన్న మాట నాదే.

ఇప్పుడు పగలు ఒక మనిషిని పెట్టుకున్నాం. మిగతా వేళల్లో నేనూ నా భార్యా వంతులేసుకుంటాం. వేళ చెప్పకుండా మధ్యలో ఎవరో ఒకరం ఇంటికి వస్తాం.

ఇంటికి తెచ్చిన వారం చీపురుపల్లి బజారులో ఒక చుట్టల కట్ట కొన్నాను. డాక్టరుతో తర్వాత మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. మంచం పక్కన కూర్చొని, ఒక చుట్ట ఆమె చేతికిచ్చి అగ్గిపుల్ల గీశాను.

అత్త చేతులు రెండూ గబుక్కున దుప్పట్లోకి లాక్కుంది.

"తడపనురా," అంది. "ఇంకెప్పుడూ తడపను బాబూ."

బతుకంతా నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి. నా చేతిలో అగ్గిపుల్ల చూసి అంత మాటంది. పుల్ల ఆర్పేసి, పెట్టె ఆమె పక్కన పెట్టి బయటికి వచ్చేశాను. కాసేపటికి చుట్ట వాసన వచ్చింది.

ఆ అగ్గిపెట్టె ఇప్పుడు ఆమె దిండు కింద ఉంటుంది. నా భార్యను మళ్లీ తిడుతోంది, పనిమనిషిని తిడుతోంది. నేను గదిలో ఉన్నంతసేపూ మాత్రం చుట్ట ముట్టించదు.