పెద్దమ్మ నడిచిన ఆదివారం

పక్కింటి పెద్దమ్మ పోయిందని పొద్దున ఆమె బిడ్డే వచ్చి చెప్పింది. పూడూరులో బడికి వెళ్లాలని నేను అప్పుడే చెప్పులు వేసుకుంటున్నాను. "టీచర్, మా అమ్మ లేస్తలేదు" అని గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వెళ్లి చూస్తే పెద్దమ్మ పక్కకు ఒత్తిగిలి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉంది. ముఖంలో బాధ లేదు. ముందురోజు సాయంత్రం కూడా పార్కుకు వెళ్లి నడిచి వచ్చిన మనిషి.

ఆమెను సాగనంపడానికి మోమిన్‌పేట్ దగ్గరి పల్లె నుంచి చుట్టాలు వచ్చారు. వాళ్లతో పాటు పార్కులో నడిచే ఆడవాళ్లు పాతికమంది దాకా వచ్చారు. పెద్దమ్మ తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. "గీళ్లంత ఎవరమ్మా?" అని నన్ను అడిగాడు. "మీ అక్కతోని నడిచేటోళ్లు" అన్నాను. ఆయన తల ఊపాడు గానీ, నా మాట ఆయనకు సరిపోలేదని తెలుస్తూనే ఉంది. గొర్రెల వెంట నడిచిన తన అక్కకు పట్నంలో ఇంతమంది ఎక్కడ దొరికారో ఆయనకెలా తెలుస్తుంది? ఆ గొడవలో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

పెద్దమ్మ ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెలు కాసిన మనిషి. పెనిమిటి పోయాక కూడా మందను వదల్లేదు. మోకాళ్లు పట్టేసి, రెండుసార్లు గట్టు మీద పడ్డాక, బిడ్డ బతిమాలి మంద అమ్మించి వికారాబాద్ తెచ్చుకుంది. అప్పుడు చూశాను ఆమెను మొదటిసారి. మా రెండిళ్ల మధ్య గోడకు ఎదురుగా మెట్టు మీద కూర్చునేది. పొద్దున కూర్చుంటే పొద్దు గూకేదాకా అక్కడే. పలకరిస్తే "ఆఁ బిడ్డా" అనేది, అంతే. కాళ్లు వాచాయి. తిండి తగ్గింది. నడిపించాలని డాక్టర్ చెప్పాడు.

బిడ్డ ఒకరోజు పార్కుకు తీసుకెళ్లింది. పెద్దమ్మ వట్టి కాళ్లతో బాట మధ్యన నడుస్తూ, ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఆకు తుంచి వాసన చూస్తోందట. వెనక వేగంగా వస్తున్న ఒకావిడ, బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి, "అమ్మా, ఇక్కడ మేము వాకింగ్ చేసుకుంటం. జర పక్కకు నడువు" అంది. పక్కన ఎవరో నవ్వారు. ఆ మాటలో పెద్ద కోపం లేదనీ, విసుగేననీ తర్వాత ఆ మేనేజరమ్మే నాతో చెప్పుకొని బాధపడింది. కానీ పెద్దమ్మ ఇంటికి వచ్చి మెట్టు మీద కూర్చుని, "ఈడ నడిచుడు గూడ తెల్వాలెనట" అని మళ్లీ గడప దాటలేదు.

నెల గడిచింది. బిడ్డ నా దగ్గరకు వచ్చి, "టీచర్, మా అమ్మ తింటలేదు, మాట్లాడుతలేదు. నాకు మస్తు ఫికరైతుంది. మీరు జర యాడికన్న తీస్కపోండ్రి" అంది.

నాకు పాత వస్తువుల పిచ్చి. తాండూరులో ఆదివారం పూట ఒక సందులో పాత సామాను పరుచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. అంచు విరిగిన జాడీలు, ఇత్తడి చెంబులు, ఎవరో చదివి వదిలేసిన పుస్తకాలు. వీలైనప్పుడల్లా వెళ్లి జాడీలు తెచ్చుకుని మొక్కలు పెట్టుకుంటాను. ఆ ఆదివారం వస్తావా అని పెద్దమ్మను అడిగాను. "పాత సామాను కొనెతందుకు రైలెక్కి పోతవా?" అంది. నెల రోజుల్లో ఆమె నాతో ఆడిన అతి పొడుగు మాట అది. చీర మార్చుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని కంది చేలను చూస్తూ వచ్చింది. ఎక్కడో ఒక మంద కనబడింది. అది దాటిపోయేదాకా మెడ తిప్పుకుని చూసి, "మంద మంచిగున్నది. కాసెటోనికే నిద్ర వస్తున్నది" అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

సందులో మాకు తొందరేమీ లేదు. సామాను పరిచిన ప్రతిచోటా కూర్చున్నాం. ఆమె ఒక పాత గొంగడి చేతిలోకి తీసుకుని, ఏ రంగు గొర్రె ఉన్నితో నేసిందో చెప్పింది. ఒకచోట పొట్టేలు మెడలో కట్టే గంట దొరికింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. కొంటావా అని అడిగాను. "మెడ లేదు గదా, గంటెందుకు?" అని అక్కడే పెట్టేసింది. ఆ తర్వాత రెండు మూడు చోట్ల ఆగకుండానే దాటిపోయింది. తీసుకురావడం తప్పయిందేమో అనుకున్నాను.

సందు చివర చెప్పులు, బూట్లు అమ్మే ఆమె ఉంది. కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి వస్తుంది, మాట సగం కన్నడ, సగం తెలుగు. పెద్దమ్మ పాదాల వైపు ఒకసారి చూసి, కుప్పలోంచి బూడిదరంగు మగవాళ్ల బూట్లు లాగి ముందు పెట్టింది. "హాక్కోరి అమ్మా, హాక్కోరి" అంటూ తొడుక్కోమని సైగ చేసింది.

పెద్దమ్మ జీవితంలో బూట్లు వేసుకోలేదు. ఆమె పాదాలు వెడల్పు, వేళ్లు విచ్చుకుని ఉంటాయి. బిడ్డ కొన్న కొత్త చెప్పులు ఏవీ పట్టలేదు. ఇవి పట్టాయి. లేచి నిలబడింది. నాలుగు అడుగులు వేసింది. తిరిగి వచ్చింది. "ఎవలో మస్తు నడిచి మెత్తగ చేసిండ్రు బిడ్డా. కొత్తయి అయితే ఆ పని మనమే చెయ్యాలె" అంది. విప్పమంటే విప్పలేదు. వాటితోనే స్టేషన్‌కు వచ్చింది.

వికారాబాద్‌లో దిగేసరికి ఎండ తగ్గింది. ఇంటికి పోదామనుకుంటే, "ఆ తోట దిక్కు పోదాం పా" అంది ఆమే. అటే నడిచాం.

పార్కులో నిదానంగా తిరిగాం. ఈసారి ఆకుల సంగతి నాకు చెప్పింది. గన్నేరు దగ్గరికి గొర్రెను రానియ్యొద్దని, కానుగను మేక కూడా ముట్టదని, మందారం అయితే మొదలుదాకా మేస్తాయని. చివరికి చుట్టూ చూసి, "ఈ తోటంత నా మందకు ఒక్క పూట మేత" అంది.

అవతల మైకు పెట్టి, బల్ల వేసి, నేల మీద సున్నంతో గీత గీశారు. నడిచేవాళ్ల సంఘం వాళ్లు అరవై దాటిన ఆడవాళ్లకు నడక పందెం పెట్టారు. మూడు చుట్లు. పరుగెత్తకూడదు. గీత దగ్గర తొమ్మిదిమంది నిలబడ్డారు, మేనేజరమ్మ కూడా ఉంది. పెద్దమ్మ కాసేపు చూసి అడిగింది.

"ఏం జేస్తుండ్రు బిడ్డా?"

"నడక పందెం పెద్దమ్మా. ఎవరు ముందొస్తే వాళ్లు గెలిచినట్టు."

"నడిచుడు గూడ పందెమేనా?"

చేతికర్ర నాకిచ్చి, వెళ్లి గీత దగ్గర నిలబడింది. మైకు పట్టుకున్నాయన వయసెంత అని అడిగాడు. "తెల్వది సారు. అరవై ఎప్పుడో ఎనుకవడ్డది" అంది. మేనేజరమ్మ ఆమెను గుర్తుపట్టింది. కొంచెం జరిగి చోటిచ్చింది.

మొదటి చుట్టులో పెద్దమ్మ అందరికన్నా వెనక. మిగతావాళ్లు చేతులు ఊపుకుంటూ దూసుకుపోయారు. ఆమె మాత్రం ఎటో దూరం ఊరికి పోతున్నట్టు నడిచింది. నాకు భయం వేసింది. ఇంకోసారి నవ్వితే ఈ మనిషి మళ్లీ ఆ మెట్టు మీద నుంచి లేవదు.

రెండో చుట్టులో ముందువాళ్లకు ఆయాసం మొదలైంది. ఒకరు ఆగి నడుము పట్టుకున్నారు. ఇద్దరు బెంచీ మీద కూలబడ్డారు. పెద్దమ్మ నడక మాత్రం మారలేదు. పెంచలేదు, తగ్గించలేదు. నా ముందు నుంచి పోతున్నప్పుడు ఊపిరి కూడా మామూలుగానే ఉంది. చూస్తుండగానే నాలుగో మనిషైంది, మూడో మనిషైంది.

మూడో చుట్టు సగంలో ఎడమ బూటు లేసు ఊడింది. కాలికి చుట్టుకుంటోంది. "పెద్దమ్మా, లేసు" అని కేకేశాను. ఆగింది. మోకాలు వంగక, ఒక చేత్తో చెట్టును పట్టుకుని కష్టంగా వంగి, లేసును బూటులోకి దోపింది. ఈలోగా ఇద్దరు దాటిపోయారు. ఆమె లేచి కొంగు నడుముకు బిగించి, కుచ్చెళ్లు మోకాళ్లదాకా ఎత్తి దోపుకుంది. అప్పుడు చూశాం మేమంతా, గుట్టలెక్కిన కాళ్లు ఎలా ఉంటాయో. పరుగు కాదు. కానీ ఒక్కో అడుగు వాళ్ల రెండడుగులంత పడుతోంది. కానుగ చెట్ల మలుపులోపే ముగ్గురిని దాటింది. గీతకు ఇరవై అడుగులుందనగా మేనేజరమ్మ పక్కకు చేరింది. ఇద్దరూ కొంతదూరం సమానంగా వచ్చారు. పెద్దమ్మ ముందు గీత దాటింది.

చప్పట్లు కొట్టారు. నేను కర్ర పట్టుకుని ఏడుస్తున్నాను. మైకులో, మొదటి బహుమతి అందుకోవడానికి అమ్మగారు బల్ల దగ్గరకు రావాలని పిలిచారు. పెద్దమ్మ వినిపించుకోలేదు. గీత దాటి నడుస్తూనే ఉంది. నేను పరుగున వెళ్లి, "అయిపోయింది పెద్దమ్మా, నువ్వే గెలిచినవ్" అన్నాను.

"ఎరకే బిడ్డా. కాళ్లిప్పుడే మంచిగ సాగుతున్నయ్. ఇంకొకటి తిరిగొస్త" అంది.

మేనేజరమ్మ చెమట తుడుచుకుంటూ ఒక క్షణం నిలబడి, తర్వాత గబగబా వెళ్లి ఆమె పక్కన చేరింది. ఏదో అడిగింది. పెద్దమ్మ ఒక మొక్క వైపు చెయ్యి చూపించింది. వాళ్ల వెనక మరో ఇద్దరు, ఆ వెనక బెంచీ మీద కూలబడినవాళ్లు లేచి కదిలారు. బల్ల మీది శాలువా మడత విప్పి పట్టుకుని సంఘం ఆయన ఎదురుచూస్తున్నాడు. మైకులో మళ్లీ పిలిచారు. పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. కుచ్చెళ్లు దింపుకోకుండానే, ఎర్రటి సాయంత్రపు ఎండలో, అందరికన్నా ఒక అడుగు ముందు, మలుపు తిరిగి చెట్ల చాటుకు వెళ్లిపోయింది.